ఎస్కిల్ జేబులోని కార్డు రీడరు

సామ్సో దీవి ఫోటో క్లబ్బులో ఎస్కిల్‌కి ఏ పదవీ లేదు. అయినా ఆయన వచ్చి ప్లగ్గు పెట్టందే మా బుధవారం సమావేశం మొదలవదు. జీవితమంతా పడవ ఇంజన్ల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ఏ యంత్రానికైనా అది ఆగిపోయేదాకా వయసన్నదే ఉండదని ఆయన నమ్మకం. క్లబ్బు వారి కార్డు రీడరు ఆయన సొంతమేమీ కాదు. కానీ ఉండేది ఆయన కోటు జేబులోనే, కళ్ళజోడు తుడుచుకునే గుడ్డలో చుట్టి.

ఫిల్ము రోజులు పోయినప్పుడు మాకు కొత్త విద్య నేర్పింది ఆయనే. కెమెరాలోంచి చిన్న కార్డు తీసి కంప్యూటరుకి తగిలించిన ఆ నల్ల డబ్బీలో, అంటే రీడరులో, గుచ్చితే ప్రొజెక్టరు గోడమీద బొమ్మ వెలిగించింది. అందరం చప్పట్లు కొట్టాం. అక్కడే చెడింది మా పని.

తర్వాత్తర్వాత కార్డులు పైకి అలాగే ఉండి లోపల కడుపు పెంచాయి. రెండు గిగాబైట్లు దాటితే ఆ పాత రీడరుకి మింగుడుపడదు. ఇంకోచోట అయితే కొత్తది కొనేవారు. మేం మాత్రం ఇళ్ళల్లో పెద్ద కార్డులు వాడుకుంటూ, క్లబ్బు కోసం సొరుగులో మూలబడిన చిన్న కార్డు వెతికి, ఫోటోలు అందులోకి ఎక్కించి తెచ్చేవాళ్ళం. దానికి బుధవారం కార్డు అని పేరు కూడా పెట్టుకున్నాం. పక్కింటివాళ్ళ కంచె మన పెరట్లోకి ఒరిగినా, ముందు కాఫీకి పిలిచి, మరుసటి ఏడు ఆ మాట ఎత్తే రకం మేము. ఎస్కిల్‌కి చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది?

ఎవరైనా తెలియక పెద్ద కార్డు తెస్తే ఆయన జాలిగా చూసేవాడు. తప్పంతా కార్డుదే. "సంచి పెద్దదైతే బంగాళాదుంపకి రుచి పెరుగుతుందా?" అనేవాడు.

మొన్న మే నెలలో కూతురు ఆయనకి కొత్త కెమెరా కొనిచ్చింది. కార్డు కూడా తనే లోపల పెట్టి ఇచ్చింది. అదెంతదో ఈయన చూడనేలేదు.

ఆయన భార్య బోదిల్‌కి ఫోటో అంటే గిట్టదు. ఈయన అటు తిప్పి ఇటు తిప్పి నొక్కేలోపు ఆమె నవ్వు ఆరిపోయి, మొహం పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నట్టు అయిపోయేది. పెళ్ళినాటి నుంచీ ఆమె నవ్వుతున్న ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు. అది ఆయనకి తీరని కొరత. అలాంటిది ఓ రోజు రేవు దగ్గర సీగల్ అనే సముద్రపక్షి ఒకటి వచ్చి ఆయన చేతిలోని రొట్టె తన్నుకుపోయింది. బోదిల్ పొట్ట పట్టుకుని నవ్వింది. ఈయన గభాలున నొక్కాడు. దాన్ని మొదటిసారి క్లబ్బు గోడమీద, అందరి మధ్యా, నిలువెత్తున చూడాలని ఇంట్లో తెరవను కూడా లేదు.

బుధవారం బోదిల్‌ని ముందు వరసలో కూర్చోబెట్టి, కార్డు గుచ్చాడు. బొమ్మ రాలేదు. ఈ కార్డు చదవడం కుదరడం లేదు, మొత్తం తుడిచి కొత్తగా సిద్ధం చేయమంటారా అని కంప్యూటరు అడిగింది. యంత్రం ఏమడిగినా అవునను, దానికి తెలుసు అన్నది ఎస్కిల్ మాకు నేర్పిన మొదటి సూత్రం. ఆయన వేలు అవును మీదికి వెళ్ళింది.

"తుడవడమంటే, నన్నేనా?" అంది బోదిల్, దాల్చినచెక్క రొట్టె నములుతూ.

వేలు గాల్లో ఆగింది. ఆయన కార్డు తీసి ఊదాడు, చొక్కాకి తుడిచాడు, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే ప్రశ్న. రీడరుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కార్డుది తప్పు కాదు. ఇదే ముసలిదైపోయింది," అన్నాడు చివరికి.

అంతలో అధ్యక్షురాలు యుట్టె మెల్లగా చేతిసంచి తెరిచి ఓ కొత్త రీడరు బల్లమీద పెట్టింది. వెనక నుంచి ఒకాయన కోటులోంచి ఇంకొకటి తీశాడు. కాఫీ కప్పుల మధ్యకి మరో రెండు వచ్చాయి. నాది ఊలుబంతుల సంచీలో ఉంది, దాచి లాభం లేదని నేనూ పెట్టేశాను.

"అందరి దగ్గరా ఉందన్నమాట."

"నువ్వు నొచ్చుకుంటావని," అంది యుట్టె.

"నేను నొచ్చుకునే మనిషినా?" అన్నాడు ఎస్కిల్, బాగా నొచ్చుకుని. తర్వాత వాటిలో అన్నిటికన్నా చవకగా కనబడినది ఏరి తీసుకున్నాడు.

గోడమీద బొమ్మ వెలిగింది. సీగల్ అద్భుతంగా వచ్చింది. ఈక ఈకా లెక్కపెట్టొచ్చు, ముక్కున రొట్టెమీద నువ్వుగింజలు కూడా తెలుస్తున్నాయి. దాని వెనకాల పొగమంచులా ఏదో గులాబీరంగు మరక. మధ్యలో నోరు లాంటిదొకటి తెరుచుకుని ఉంది. అదే బోదిల్.

ఎస్కిల్ మొహంలోకి చూసే ధైర్యం నాకు లేదు.

బోదిల్ లేచి గోడ దగ్గరికెళ్ళి, ఆ మరకని కిందనుంచి పైదాకా పరీక్షగా చూసింది. "ఒక్క ముడతయినా లేదు. దీన్నే ఫ్రేము కట్టించు," అని పొట్ట పట్టుకుని నవ్వింది. మేమంతా కెమెరాలకోసం తడుముకున్నాం. ఎస్కిల్ తనది ముట్టుకోలేదు. ఆమె నవ్వు ఆగేదాకా ఆమెనే చూస్తూ కూర్చున్నాడు.