ఆ చరణానికి జవాబు రాలేదు

దెయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. అంతేకాదు, మా ప్రార్థన కూడికల్లో సాక్ష్యం చెప్తామని లేచి, దర్శనం వచ్చింది, స్వరం వినిపించింది అని మొదలుపెట్టేవాళ్ళని చూసినా నాకు ఒళ్ళు మండేది. దేవుణ్ణి నమ్ముతాను. చెప్పేవాళ్ళు కొంత కలిపి చెప్తారని కూడా నమ్ముతాను. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళూ ఏ కూడికలోనూ చెప్పలేదు. ఇప్పుడు ఏమీ కలపకుండా రాస్తున్నాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. నేను యూనివర్సిటీలో కెమిస్ట్రీ పరిశోధన చేస్తూ లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. తమ్ముడు ప్రవీణ్ అదే క్యాంపస్‌లో ఎం.ఏ. నాకు ల్యాబు లోకం, వాడికి ఊరేగింపులు లోకం. మాది మెదక్ వైపు చిన్న ఊరు. అమ్మా నాన్నా కూలికి పోయి ఇద్దర్నీ చదివించారు. వాణ్ణి కనిపెట్టుకుని ఉండమని నాకు అప్పజెప్పారు.

ఒక శనివారం మధ్యాహ్నం క్యాంపస్‌లో లాఠీచార్జి జరిగింది. టియర్ గ్యాస్ ల్యాబ్‌లోకి కూడా వచ్చింది. కళ్ళు మండి నల్లా కింద తల పెట్టాను. సాయంత్రానికి తెలిసింది, ప్రవీణ్ తలకి దెబ్బ తగిలిందనీ, రక్తం కారుతుండగానే వ్యాన్ ఎక్కించారనీ. ఎక్కడికి తీసుకెళ్ళారో ఎవరికీ తెలియదు. నా రూమ్మేట్ రజితను తోడు తీసుకుని రెండు పోలీస్ స్టేషన్లు, ఒక ఆస్పత్రి తిరిగాను. ఆ పేరు గలవాళ్ళు ఎవరూ లేరన్నారు. ఊళ్ళో అమ్మకి ఏం చెప్పాలో తెలియక అసలు ఫోనే చేయలేదు.

మర్నాడు ఆదివారం. బంద్. ప్రతి ఆదివారం పొద్దున తార్నాకలో సుగుణమ్మ ఆంటీ ఇంట్లో మేం ఆరాధన చేసుకునేవాళ్ళం. ఆవిడది గుంటూరు. భర్త పోయాక మేడ మీది పోర్షన్‌లో ఒక్కతే ఉండేది. ఆరాధనకి పదిహేను మందిమి ఉండేవాళ్ళం. ఉద్యమం వచ్చాక అటువాళ్ళు కొందరు, ఇటువాళ్ళు కొందరు మానేశారు. అంతకు ముందు వారమే ఆంటీ, చదువు మానుకుని ఈ గొడవలు నీకెందుకని ప్రవీణ్‌ని అడిగింది. వాడు మొహం మాడ్చుకుని, ప్రార్థన ముగియకముందే లేచి వచ్చేశాడు.

తమ్ముడి జాడ తెలియకుండా ఉంటే ఆ ఇంటికే ఎట్లా పోబుద్ధవుతుందని హాస్టల్లో నన్ను అడిగారు. నాకూ కాళ్ళు రాలేదు. కానీ ఈ ఒక్క రోజు మానేస్తే, ఇన్నాళ్ళూ చేసిన ఆరాధన అంతా అన్నీ బాగున్న రోజుల ముచ్చటే అవుతుందనిపించింది. మొండితనం అనుకోండి. నేనూ రజితా నడిచి వెళ్ళాం. క్యాంపస్ గేటు దగ్గర పోలీసులు ముళ్ళకంచె వేశారు. బైబిల్ ఉన్న సంచీ కూడా విప్పి చూశారు.

ఆ రోజు ఇంకెవరూ రాలేదు, మేం ముగ్గురమే. ఆంటీ నా మొహం చూసి సంగతి అడిగింది. విన్నాక ఒక్క మాటే అంది. "వాడు దొరికిందాకా నేనూ అన్నం ముట్టనమ్మాయ్." అంతవరకు ఆవిడ మీద ఉన్న కోపం నాకు అక్కడితో పోయింది.

ప్రార్థన ఒక్కటి చేసి ముగిద్దామంది ఆంటీ. పాట లేకుండా ఒద్దన్నాను. నా నోటికి మా ఊరి పాటే వచ్చింది. కరువు కాలంలో మా పెద్దలు కట్టుకున్న పాట అది. ఏమీ లేకపోయినా నిన్ను విడువం అని దేవుడికి చెప్పుకునే పాట. ఏ పుస్తకంలోనూ లేదు. మా పద్ధతిలో ఆడవాళ్ళు చరణం ఎత్తుకుంటారు, మగవాళ్ళు జవాబు అందుకుంటారు. నాలుగు చరణాలుంటాయి. నాలుగోది శవం ముందే పాడతాం, మామూలు రోజుల్లో దాని జోలికి పోం. ఇవేవీ ఆంటీకీ రజితకీ తెలియవు. ఆ జవాబు తెలిసినవాళ్ళు హైదరాబాదులో నేనూ ప్రవీణూ తప్ప ఎవరూ లేరు.

మొదటి చరణం ఎత్తుకున్నాను. జవాబు వచ్చింది.

నా వెనక, తలుపు దగ్గర, ప్రవీణ్ ఎప్పుడూ కూర్చునే చోటు నుంచి. గట్టిగా కాదు, జలుబు చేసినప్పుడు వాడు పాడే గొంతులాగా. నా భ్రమ అనుకున్నాను. కానీ రజిత తల తిప్పి అటు చూసింది. ఆంటీ లేచి తలుపు తీసింది. మెట్ల మీద ఎవరూ లేరు. కింది పోర్షన్‌వాళ్ళు ఊరెళ్ళారు, తాళం వేసి ఉంది.

నేను ఆపలేదు. ఆపితే ఆ గొంతు మళ్ళీ రాదని భయం. రెండో చరణానికీ జవాబు వచ్చింది. ఇంతలో నా మనసు ఆ రక్తం మీదికి, ఆ వ్యాన్ మీదికి పోయింది. నాకు తెలియకుండానే నోరు మూడోది వదిలేసి నాలుగో చరణం ఎత్తుకుంది.

జవాబు లేదు.

నేను ఏం పాడానో అప్పుడు తెలిసింది. బతికున్న తమ్ముడికి నా నోటితో నేనే చావు పాట పాడాను. చాలాసేపు గదిలో చప్పుడు లేదు. తర్వాత నాకు కోపం వచ్చింది, నా మీదే. వాడు చావలేదు, నేను పాట ఆపను అనుకున్నాను. గొంతు సవరించుకుని మూడో చరణం గట్టిగా ఎత్తుకున్నాను. జవాబు వచ్చింది. పాట ముగిసేసరికి గోడ గడియారంలో పదకొండున్నర కావస్తోంది.

సోమవారం సాయంత్రం వ్యాన్‌లో ఎక్కించుకుపోయినవాళ్ళని వదిలేశారు. నగరం బయట ఏదో షెడ్డులో ఉంచారట. ప్రవీణ్‌ని ఆస్పత్రిలో చేర్చాం. ఎడమ చెవి వినికిడి పోయిందని, కుడి చెవి కూడా తేరుకోవడానికి టైం పడుతుందని డాక్టర్ చెప్పారు. వాడితోపాటు షెడ్డులో ఉన్న మల్లేష్ వరండాలో నాతో అన్నాడు. "నాకు దేవుడు గీవుడు తెల్వదక్కా. గాని ఆదివారం మీ తమ్ముడు సగం పాటనే పాడిండు. జర్రసేపు పాడుడు, జర్రసేపు ఊకునుడు. ముంగట ఎవరో పాడుతుంటే ఇంటున్నట్టు కూసున్నడు. నడుమల చానసేపు ఆపిండు, అయిపోయిందనుకున్న. మల్ల షురూ చేసిండు." ఆ పాట అయిపోగానే, అన్నం పొట్లాలు ఎప్పుడొస్తాయని మల్లేషే కానిస్టేబుల్‌ని అడిగాడట. ఇంకా పదకొండున్నర కూడా కాలేదు అన్నాడట ఆయన.

లోపలికి వెళ్ళి ప్రవీణ్ కుడి చెవి దగ్గర వంగాను. ఏమీ చెప్పకుండా, మధ్యలో ఎందుకు ఆపావని మాత్రం అడిగాను. రెండుసార్లు అడిగితే గానీ వినపడలేదు. వాడు కళ్ళు తెరవకుండానే విసుక్కున్నాడు.

"సావు చరణం ఎత్తుకుంటివి కదనే అక్కా. నేనెట్ల అందుకుంట?"

నేను ఏ చరణం తప్పు పాడానో అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆదివారం ఆంటీ గదిలో ఉన్న మిగతా ఇద్దరికీ ఆ పాటే తెలియదు.

తలకి దెబ్బ తగిలినవాళ్ళు ఏదో గొణుగుతుంటారని డాక్టర్ అన్నారు. కావచ్చు. ప్రవీణ్‌ని ఇప్పుడు అడిగితే ఆ షెడ్డూ గుర్తులేదు, ఆ మాటా గుర్తులేదంటాడు. ఎడమ చెవి మళ్ళీ రాలేదు. దాని గురించి దేవుడితో నా తగాదా ఇంకా తీరలేదు, అయినా ఆరాధన ఒక్క ఆదివారం మానలేదు. శాస్త్రం చదువుకున్నదాన్ని, ఎన్ని విధాలుగా ఆలోచించినా ఒక్కటే తెగడం లేదు. పక్కనున్నవాళ్ళ కేక కూడా సరిగ్గా వినపడని ఆ రోజున, తార్నాకలో నేను పాడింది వాడు ఎలా విన్నాడు?