మలుపు మేస్త్రి కొన్న ఇల్లు

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ, జీతం తీసుకునేటప్పుడు తప్ప అది ఎవరికీ అవసరం పడలేదు. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోసే ముఠాకి ఆయన పెద్ద. ఎంత లావు బీరువానైనా, ఎంత ఇరుకు మెట్ల మీదైనా, మలుపు దగ్గర గోడకి గీత పడకుండా తిప్పి ఎక్కించేస్తాడు. అందుకని తోటివాళ్ళు మలుపు మేస్త్రి అన్నారు, అదే స్థిరపడిపోయింది. కోపం వచ్చినప్పుడు భార్య కూడా అలాగే పిలుస్తుంది.

మలుపు దగ్గర ఆయన పని చూసి తీరాలి. ముందు అరచేత్తో గోడ తడుముతాడు. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటాడు. "కాళ్ళు మీవైపు, తల నావైపు, ఇప్పుడు నిలబెట్టండి" అంటాడు. అప్పటిదాకా మొండికేసిన మంచం బుద్ధిగా పైకి వెళ్ళిపోతుంది. మెట్ల మీద ఎవరైనా ఎదురొస్తే "దారి, దారి" అని ఒక్క కేక వేస్తాడు. ఆ కేకకి ఎంతటి పెద్దమనిషైనా గోడకి అతుక్కుపోవాల్సిందే. ఊళ్ళో సగం సోఫాలు ఆయన భుజాల మీదుగానే ఇళ్ళు చేరాయి. ఆయనకి మాత్రం సొంతిల్లు లేదు.

ఈ ఊళ్ళో ఇల్లు కొనడమంటే మాటలు కాదు. ధరలు ఎప్పుడో కొండెక్కి కూర్చున్నాయి, దిగే ఉద్దేశం వాటికి లేదు. నది కనిపించే ఇంటికి ఒక ధర, నది వాసన మాత్రమే తగిలే ఇంటికి ఇంకో ధర. చివరికి వాసనకి కూడా డబ్బులు గుంజే ఊరిది. అయినా మొగుడూ పెళ్ళాం కడుపు కట్టుకుని దాచారు. ఆవిడ సినిమా హాలు గుమ్మం దగ్గర నిలబడి టికెట్లు చింపుతుంది. ఇన్నేళ్ళలో ఒక్క సినిమా కూడా మొదటి నుంచి చివరిదాకా చూసిన పాపాన పోలేదు.

ఇప్పుడు అద్దె ఇంటాయన భవనం అమ్మేస్తున్నాడు, ఎండాకాలం లోపల ఖాళీ చెయ్యమన్నాడు. బ్యాంకువాళ్ళు అప్పిస్తామన్నారు. ఒకసారి కొంటే మళ్ళీ మార్చే తాహతు ఈ జన్మకి లేదు. "చూసి కొనండి," అంది భార్య. "బీరువాని తిప్పినట్టు తర్వాత ఇంటిని తిప్పలేం."

వాళ్ళకి ఒక్కతే కూతురు, పదిహేనేళ్ళది. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్లకి కాళ్ళు సహకరించవు. కుర్చీ చక్రాలు మాత్రం భలే తిప్పుతుంది, బడి వరండాలో ఆమెని దాటి వెళ్ళినవాడు లేడు. అద్దె ఇల్లు రెండో అంతస్తులో. కుర్చీని కింద కరెంటు మీటర్ల పక్కన గొలుసు వేసి ఉంచుతారు. పొద్దున మేస్త్రి వీపు మీద కిందికి, సాయంత్రం మేస్త్రి వీపు మీద పైకి. పల్లకీ ఎక్కినట్టు దర్జాగా ఎక్కుతుందని ఆయన ఆమెకి దొరసాని అని పేరు పెట్టాడు. ఊళ్ళోవాళ్ళ సామాన్లన్నీ ఒక ఎత్తు, ఆ మోత ఒక్కటీ ఒక ఎత్తు. దాని గురించి చెప్పేటప్పుడు ఆయన ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మేస్త్రి ఎగురుకుంటూ ఇంటికొచ్చాడు. ఎండలోనూ టై కట్టుకు తిరిగే బ్రోకరొకడు ఆయనకి ఒక పాత భవనం చూపించాడట.

"దొరికింది," అన్నాడు చెప్పులు విప్పకుండానే. "మెట్లు ఎంత వెడల్పో తెలుసా? రెండు బీరువాలు పక్కపక్కనే ఎక్కేస్తాయి. మెట్టు ఎత్తు తక్కువ. మలుపు దగ్గర చిన్న గదంత చోటుంది. ఇన్నేళ్ళ సర్వీసులో అలాంటి మలుపు చూడలేదు."

"వంటిల్లు ఎలా ఉంది?" అంది భార్య.

"వంటిల్లా..." మేస్త్రి బుర్ర గోక్కున్నాడు. "ఉందనే అనుకుంటా."

ఆవిడ నోరు వెళ్ళబెట్టింది. మేస్త్రి అదేం పట్టించుకోకుండా కూతురి వైపు తిరిగాడు. "దొరసానీ, నిన్నెత్తుకుని అక్కడ మూడంతస్తులు ఎక్కినా నాకు ఆయాసం రాదు. నాలుగు రోజుల్లో సంతకం పెట్టేద్దాం."

దొరసాని గోళ్ళు చూసుకుంటూ నెమ్మదిగా అడిగింది. "నువ్వు లేనప్పుడు నేనెలా ఎక్కాలి, ఎలా దిగాలి నాన్నా?"

"నేను లేకపోవడమేంటి? పని అవగానే వచ్చేస్తాగా."

"వచ్చేదాకా?"

మేస్త్రి వంగి చెప్పు సర్దుకున్నాడు.

"నీకు పని ఆలస్యమైన రోజు, బడి బండి దింపి వెళ్ళాక, నేను మీటర్ల దగ్గర కూర్చుంటాను," అందా పిల్ల. "అవి తిరగడం చూస్తుంటాను. ఏ ఇంట్లో ఎప్పుడు నీళ్ళు కాచుకుంటారో నాకు తెలుసు. ఒకరోజు బాత్రూంకి వెళ్ళాల్సొచ్చింది, నువ్వు రాలేదు. ఆ రోజు ఏడ్చాను, నీకు చెప్పలేదు. నువ్వు నన్ను మోయడానికి ఇల్లు చూశావు నాన్నా. నేను వెళ్ళి రావడానికి చూడలేదు."

మేస్త్రి గుండెల్లో రాయి పడింది. జీవితమంతా గోడకి గీత పడకుండా సామాన్లు మోసినవాడు, సొంత కూతురి విషయంలో పప్పులో కాలేశాడు. ఇల్లు చూడమంటే మెట్లు చూసి వచ్చాడు. అలాంటి పొరపాటు ఆయన తప్ప ఇంకొకడు చెయ్యలేడు. ఆయనకి సిగ్గేసింది. చెప్పులు అప్పుడు విప్పాడు.

ఆ రోజు నుంచి ఇల్లు చూడటానికి ముగ్గురూ కలిసే వెళ్ళారు. దొరసాని ఒకే ఒక్క షరతు పెట్టింది. తనంతట తను లోపలికి వెళ్ళలేని ఇంటిని చూడనే కూడదు.

షరతు వినడానికి చిన్నదే. బ్రోకరుకి మాత్రం చుక్కలు కనిపించాయి. వాడు తాళాలు తీసేలోపే ఈ పిల్ల వీధిలోంచే తల అడ్డంగా ఊపేది. ఒకచోట గుమ్మం ముందు స్వాగతం అని రాసిన కాళ్ళు తుడుచుకునే పట్టా, దాని కింద మూడు మెట్లు. మెట్లు కట్టి స్వాగతం రాయడం దేనికని దొరసాని నవ్వింది. ఊరి చివర కొత్త భవనంలో లిఫ్టు ఉందన్నారు. వెళ్తే దాని తలుపుకి మరమ్మతు బోర్డు వేలాడుతోంది, బోర్డు మీద దుమ్ము కూడా పట్టింది. ఇంకోచోట అన్నీ బాగున్నాయి, స్నానాలగది తలుపులోంచి కుర్చీ పట్టలేదు. "ఒక్క అంగుళమే కదా, సర్దుకుపోవచ్చు," అన్నాడు బ్రోకరు. "ఆ అంగుళం నువ్వు సర్దుకో," అంది మేస్త్రి భార్య. వాడు టై వదులు చేసుకున్నాడు.

మేస్త్రికి ఇదంతా వింతగా ఉంది. ఇన్నాళ్ళూ మెట్టు కనపడితే అన్నం పెట్టే దేవతలా కనపడేది. మెట్లే లేకపోతే తన ముఠాని పిలిచేదెవరు? ఇప్పుడు కుర్చీ వెనకాల నడుస్తూ చూస్తే, ఊరంతా ఎవరో కావాలని గుమ్మాలు ఎత్తుగా కట్టినట్టు అనిపించింది. ఎక్కడ మెట్టు చూసినా ఒళ్ళు మండింది. ఊరు ఎప్పటిదే, ఆయన చూపు మారింది.

ఎండాకాలం దగ్గరపడింది. ఆ రోజు కూడా వట్టి చేతులతో తిరిగొస్తుంటే కుర్చీ చక్రం ఒకటి బుస్సుమని గాలి వదిలేసింది. సందు మొదట్లో ఒక సైకిల్ షాపు కనిపించింది. లావు కళ్ళద్దాల ముసలాయన నూనె చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి చూశాడు. "లోపలికి రామ్మా, గాలి కొడతాను," అన్నాడు.

అలవాటు కొద్దీ మేస్త్రి కూతుర్ని ఎత్తుకోవడానికి వంగాడు. ఆయన వంగేలోపే ఆ పిల్ల ఒక చక్రం కుంటుతున్నా సరే, షాపు ముందున్న ఏటవాలు దారి మీదుగా రెండు తోపుల్లో లోపలుంది. సైకిళ్ళు నడిపించడానికి కట్టిన దారది. మేస్త్రి చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

చక్రం బాగయింది. "తాతగారూ, బాత్రూం ఉందా?" అంది దొరసాని. ఉందని ఆయన వెనక్కి చూపించాడు. ఆమె వెళ్ళింది. ఎంతకీ రాదు. మేస్త్రి లేవబోతే భార్య చొక్కా పట్టుకు లాగి కూర్చోబెట్టింది. లోపల ఏదో తలుపు చప్పుడు, కొళాయి చప్పుడు, ఇంకో తలుపు చప్పుడు. చివరికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"నాన్నా, వెనకాల రెండు గదులున్నాయి. వంటిల్లుంది. పెరడు కూడా ఉంది, పెరట్లోకీ వెళ్ళొచ్చాను. ఎక్కడా గడప లేదు."

"గడప పెడితే సైకిళ్ళు వెనక్కి ఎలా తోసుకెళ్ళను?" అన్నాడు ముసలాయన. "అన్నీ చదును చేయించేశాను. మా పిల్లల్ని ఇక్కడే పెంచాను. ఇప్పుడు మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోదామని అమ్మకానికి పెట్టాను. కొట్టు కావాలనేవాళ్ళకి ఇల్లు ఎక్కువైంది, ఇల్లు కావాలనేవాళ్ళకి కొట్టు ఎక్కువైంది. ఎవరూ కుదరలేదు."

మేస్త్రి భార్య లేచి లోపలికి వెళ్ళింది. టికెట్లు చింపేటప్పుడు మనుషుల్ని చూసినట్టే వంటింటిని పైకీ కిందికీ చూసింది. గోడలు నల్లగా ఉన్నాయి, నేల మీద నూనె మరకలు. "సున్నం వేసి, నేల కడిగితే పోతాయి," అంది. "ఇద్దరు నిలబడి వంట చేసుకోవచ్చు."

మేస్త్రి మాత్రం ఇంటికొచ్చాక ససేమిరా అన్నాడు. "ఇన్నేళ్ళు రెక్కలు ముక్కలు చేసుకుని, చివరికి కొట్లో కాపురమా? షట్టర్ ఎత్తుకుని ఇంట్లోకి వెళ్ళాలా? మా ముఠావాళ్ళు నవ్విపోతారు. మేడలకి సామాన్లు ఎక్కించినవాణ్ణి."

భార్య అన్నం కలుపుతూ ఆయన్నే చూసింది. "మీ దిగులు షట్టర్ గురించి కాదు," అంది.

"మరి?"

"ఆ ఇంట్లో మీరు మోయడానికి ఏమీ ఉండదు. అదీ మీ బాధ."

మేస్త్రి మూతి ముడుచుకుని లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. రోజూ సాయంత్రం ఆ పిల్ల చేతులు మెడ చుట్టూ వేస్తే, రోజంతా మోసిన బరువులు దిగిపోయేవి. ఆ ఎక్కే రెండంతస్తుల్లోనే బడి కబుర్లన్నీ ఆయన చెవిలో పోసేది. ఇక అది ఉండదు. ఆయనకి ఏడుపొచ్చింది, రానిచ్చాడు. ఆ తర్వాత మీటర్ల పక్కన ఒంటరిగా కూర్చున్న పిల్ల గుర్తొచ్చింది. మొహం కడుక్కుని వచ్చి, "తాతగారికి రేపే మాటిచ్చేద్దాం," అన్నాడు. మర్నాడు పనికి వెళ్ళేముందే వెళ్ళి ఇచ్చొచ్చాడు. కమీషన్ పోయిందని తెలిసి టై బ్రోకరు మొహం మాడ్చుకున్నాడు.

ఇల్లు మారిన రోజు మేస్త్రి ముఠా అంతా దిగింది. వచ్చేటప్పుడు నవ్వుదామనే వచ్చారు. తీరా చూస్తే బీరువా చక్రాల బండి మీద వీధిలోంచి నేరుగా పడగ్గదిలోకి వెళ్ళిపోయింది. మంచం వెళ్ళిపోయింది. భోజనాల వేళకి పని ముగిసింది, ఒక్కడికీ చెమట పట్టలేదు.

"మేస్త్రీ, ఒక్క మలుపు కూడా లేదు. ఇక్కడ మీతో పనేముంది?" అన్నాడొకడు.

"అందుకేరా కొన్నాను," అన్నాడు మేస్త్రి. అలా అన్నాక ఆ మాట తనకే ఎంతో నచ్చింది. మధ్యాహ్నమంతా కనపడ్డవాడికల్లా చెప్పాడు.

కొట్టు గది దొరసానిదయింది. షట్టర్ ఎత్తితే ఊళ్ళో ఏ మేడకీ లేనంత పెద్ద కిటికీ. ఎండ సగం గది దాకా వచ్చి పడుకుంటోంది. పక్కింటావిడ వీధిలోంచే పలకరించింది. బడికెళ్ళే పిల్లలు ఆగి లోపలికి తొంగిచూశారు.

సాయంత్రం టీకి చూస్తే పాలు లేవు. మేస్త్రి సంచీ అందుకోబోయాడు. దొరసాని ముందే అందుకుంది. "నేను తెస్తాను," అని ఏటవాలు మీదుగా జారి వీధిలో పడింది. ఎవరూ ఎత్తి దించకుండా, ఒక్కతే ఇల్లు దాటి వెళ్ళడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

మేస్త్రి గుమ్మంలో నిలబడ్డాడు. కుర్చీ సందు చివర తిరిగి కనపడకుండా పోయింది. ఆయన ఒక కాలు బయట పెట్టాడు. "లోపలికి రండి," అంది భార్య వంటింట్లోంచి. కాలు వెనక్కి తీసుకున్నాడు. కాసేపటికి మళ్ళీ పెట్టాడు. వీధిలో వచ్చేపోయే ప్రతి బండినీ దొంగని చూసినట్టు చూశాడు. ఆవిడ కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనకాల నిలబడింది. ధైర్యం చెప్పే మనిషే గానీ, ఆవిడ కళ్ళూ సందు చివరే ఉన్నాయి.

అప్పుడు మలుపులో కుర్చీ కనిపించింది. ఒళ్ళో పాల ప్యాకెట్టు, పక్కన ఎవరో ఆ వీధి పిల్ల కబుర్లు చెబుతూ నడుస్తోంది. దొరసాని నవ్వుతోంది. తండ్రిని చూసి కూడా చక్రాలు ఆపలేదు, ఇంకా వేగంగా తిప్పింది. ఆ వేగంతోనే ఏటవాలు ఎక్కుతూ, అచ్చం ఆయన గొంతుతో కేక వేసింది.

"దారి, దారి."

మలుపు మేస్త్రి గోడకి అతుక్కుపోయాడు. కూతురు ఆయన పక్కనుంచి ఇంట్లోకి వెళ్ళిపోయింది.