సిగ్నల్ వెతుక్కుంటూ కారవాన్‌లో

మేము మొదటిసారి కారవాన్, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, తీసుకుని సముద్రతీరానికి వెళ్ళిన జనవరి గురించి మా అమ్మాయి ఇప్పుడు నవ్వుతూ చెబుతుంది. వినేవాళ్ళూ నవ్వుతారు. నాకు మాత్రం ఆ వారం గుర్తొస్తే ఇంకా కాళ్ళు కదులుతాయి, కూర్చున్న చోటి నుంచి లేవాలనిపిస్తుంది.

అప్పటికి మేం మెల్‌బోర్న్‌కి పడమటి అంచున వెర్రిబీలో అద్దెకుండేవాళ్ళం. నేను ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో కాంట్రాక్టు మీద ప్రోగ్రామర్‌ని. రెండేళ్ళుగా నా పని ఒక్కటే. పాత ప్రోగ్రాముల్లో రెండంకెలతో రాసిన సంవత్సరం ఎక్కడెక్కడ ఉందో వెతికి నాలుగంకెలు చేయడం. లేకపోతే రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తికమకపడి ఆగిపోతాయని భయం. ఆ డిసెంబరులో ఎవరికీ సెలవు ఇవ్వలేదు. నా భార్య వారానికి రెండు రోజులు పసిపిల్లలను చూసుకునే చైల్డ్‌కేర్‌లో పనిచేసేది. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. క్లాసులో పిల్లలంతా జనవరిలో వచ్చే వేసవి సెలవులకి కారవాన్లలో వెళ్తున్నారని, మనం సెలవొస్తే కేరమ్ డౌన్స్ గుడికి తప్ప ఇంకెక్కడికీ వెళ్ళమని అలిగింది. "జనవరి ఒకటి దాటనీ, నిన్నూ కారవాన్‌లోనే తీసుకెళ్తా" అని మాటిచ్చాను.

జనవరి ఒకటి దాటింది. ఒక్క కంప్యూటరూ ఆగలేదు. ఆఫీసులో కేకు కోశారు, చేతులు కలిపారు. పది రోజులు తిరక్కుండానే మా మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, ఈ నెలాఖరుతో కాంట్రాక్టు ముగుస్తుందని, మిగిలిన సెలవులు వాడుకోమని మర్యాదగా చెప్పాడు. నాకు పనులు చూసిపెట్టే ఏజెంటుకు వెంటనే ఫోన్ చేశాను. "ఒక బ్యాంకులో పనుంది, నీ పేరు పంపాను. వచ్చే వారంలో చెప్తా" అన్నాడు.

ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. బ్యాంకు పని ఖాయమయ్యాక పాతదీ కొత్తదీ కలిపి చెబుదామనుకున్నాను. నా భార్య, పడ్డ కష్టానికి నాకు సెలవులిచ్చారనుకుంది. సంతోషంగా సామాన్లు సర్దింది.

కారవాన్ మా పక్కింటి అంకుల్‌ది. ఆయన ఫిజీ నుంచి వచ్చిన తెలుగువాడు. వాళ్ళ నాయనమ్మ దగ్గర నేర్చుకున్న పాతకాలపు తెలుగు మాట్లాడేవాడు. బస్సు నడిపేవాడు. నా చిన్న కారు కారవాన్‌ని లాగలేదని తన పెద్ద కారు కూడా ఇచ్చి, నాది తను ఉంచుకున్నాడు. ఒక ఆదివారం పొద్దున్న ఖాళీ స్థలంలో నాకు నేర్పించాడు. "బయపడబోకు బాబూ. తోక కుడికి పోవాలంటే నువ్వు ఎడమకి తిప్పు. నిదానం, ఐ సే, నిదానం!" అని పక్కన నడుస్తూ అరిచాడు. ముందుకు నడపడం వచ్చింది. వెనక్కి నడపడం రాలేదు. వచ్చిందన్నాను.

సోమవారం బయలుదేరాం. లోర్న్ దాటాక, ఒక ఏరు సముద్రంలో కలిసేచోట, కారవాన్లకి చోటు అద్దెకిచ్చే చిన్న పార్కు. చెట్ల నీడ, గడ్డి, ఎదురుగా ఇసుక. ఐదు రోజులు ఇక్కడే ఉంటామన్నాను. కారవాన్ పైకప్పు ఎత్తి, నాలుగు మూలలా కాళ్ళు దించి, కరెంటు తీగ, నీళ్ళ గొట్టం తగిలించి, ముందు గుడ్డ పందిరి వేసేసరికి రెండు గంటలు పట్టింది. ఈలోపు మా అమ్మాయికి పక్క కారవాన్ పిల్లతో స్నేహం కుదిరింది. ఒక సైకిల్ మీద ఇద్దరూ పార్కంతా తిరుగుతున్నారు. నా భార్య కుక్కరు పెట్టింది. మొదటి విజిల్‌కే పక్కాయన పరుగెత్తుకొచ్చి, "అంతా బాగానే ఉందా?" అని అడిగాడు. ఆయనకు గిన్నెలో పప్పు, అన్నం పెట్టిచ్చింది. ఆయన ప్లేటు నిండా కాల్చిన సాసేజీలు తెచ్చాడు. మేం మాంసం తినమని తెలిసి బోలెడు సారీలు చెప్పి, వెళ్ళి మొక్కజొన్న కంకులు కాల్చి తెచ్చాడు.

ఇంతకన్నా సుఖం ఏముంటుంది? నా భార్య మడత కుర్చీలో కాళ్ళు చాపుకుని, "ఏవండీ, ఈ వారమంతా ఇక్కణ్ణించి కదలను" అంది. పెళ్ళయిన పదేళ్ళలో ఆవిడ అంత తీరిగ్గా కూర్చోవడం నేను చూడలేదు.

నేను కూర్చోలేకపోయాను. నా మొబైల్లో సిగ్నల్ గీత ఒక్కటి కూడా లేదు.

చెట్ల మీద కోవాలా జంతువులు ఉంటాయట, చూసొస్తానని గుట్ట ఎక్కాను. పైన ఒక గీత వచ్చి పోయింది. దిగి, గంటాగి మళ్ళీ ఎక్కాను. మూడోసారి లేచినప్పుడు, "అన్ని కోవాలాలు ఉన్నాయా అక్కడ?" అంది నా భార్య. పార్కు గేటు దగ్గర డబ్బా ఫోను నుంచి ఏజెంటుకు చేస్తే మీటింగులో ఉన్నాడన్నారు. నా మొబైల్‌కి చేయమని చెప్పి పెట్టేశాను.

మంగళవారం పొద్దున్న కాఫీ తాగుతూ, "ముందు ఊళ్ళో ఇంకా మంచి బీచ్ ఉందట" అన్నాను.

"నిన్ననే కదండీ దించుకున్నాం?"

"అన్నీ చూడాలిగా మరి. ఇంత దూరం వచ్చి ఒకే చోట కూర్చుంటామా?"

"బట్ డాడీ, యూ సెడ్ ఫైవ్ డేస్!" అని మా అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. ఆ పిల్ల సైకిల్ పట్టుకుని గేటు దాకా వచ్చి నిలబడింది. మేం మలుపు తిరిగేదాకా మా అమ్మాయి వెనక్కే చూస్తూ కూర్చుంది.

రెండో ఊరు అపోలో బే. పార్కు కిక్కిరిసి ఉంది. మాకు మరుగుదొడ్ల పక్కన చోటిచ్చారు. దించుకునేసరికి వాన మొదలైంది. రేకు మీద వాన చప్పుడు కాసేపు ముచ్చటగానే ఉంటుంది. తర్వాత తడి తువ్వాళ్ళు, తడి చెప్పులు, పరుపుల్లో ఇసుక, ఒకరు లేస్తే ఇద్దరు జరగాల్సిన ఇరుకు. పేకాట ఆడాం. నేను ప్రతి ఆటా ఓడిపోయాను. ఫోను వెనక కిటికీ గట్టు మీద నిలబెడితే ఒక గీత వస్తోంది. అక్కణ్ణించి దాన్ని ఎవరినీ కదపనివ్వలేదు.

సాయంత్రం వాన తెరిపి ఇచ్చాక స్నానానికి వెళ్ళాను. పది నిమిషాల్లో తిరిగొచ్చి, తల తుడుచుకుంటూ, "ఫోనేమైనా వచ్చిందా?" అన్నాను.

నా భార్య ఉల్లిపాయలు తరుగుతోంది. తలెత్తి నా వైపు చూసింది. "సెలవుల్లో మీకెవరు చేస్తారు?"

"ఏం లేదు, ఊరికే అడిగాను."

ఆవిడ ఇంకా కాసేపు చూసి, మళ్ళీ ఉల్లిపాయల్లో పడింది.

బుధవారం ఆ ఒక్క గీత కూడా పోయింది. మళ్ళీ అన్నీ మడిచాం. అద్దెకున్న ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్ళలా నా భార్య అరలు మూసి, కుర్చీలు లోపలేసింది. నా హడావిడిలో సొరుగుకు గడియ పెట్టడం మరిచాను. కొండల మీది మలుపుల్లో ఆవకాయ సీసా దొర్లి పగిలింది. పోర్ట్ క్యాంప్‌బెల్ దగ్గరి పార్కులో తలుపు తీస్తే నేలంతా ఎర్రటి నూనె. దానిలో మా అమ్మాయి స్కూలు బొమ్మల పుస్తకం.

అంతకుముందే పరువు పోయింది. రెండు కారవాన్ల మధ్య సందులోకి వెనక్కి నడపాల్సి వచ్చింది. ఎడమకి తిప్పితే ఎడమకే పోతున్నట్టుంది, కుడికి తిప్పితే అడ్డం తిరుగుతోంది. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళంతా టీ కప్పులు పట్టుకుని చూస్తున్నారు. ఆరోసారికి ఒక ముసలాయన లేచొచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి నా స్టీరింగు తనే తిప్పుతూ కారవాన్‌ని చోటులో పెట్టించాడు. ఆ తర్వాత గుడ్డ పందిరి వేస్తుంటే గాలికి అంచు బారెడు చిరిగింది. నా భార్య పాత పేపర్లతో నేల మీద నూనె అద్దుతోంది. నేను బయట నిలబడి ఫోన్ చూసుకున్నాను. నిండుగా నాలుగు గీతలు.

ఆ రోజంతా ఫోను మోగలేదు.

గురువారం పొద్దున్నకి నాకు మరో ఆలోచన వచ్చింది. ఏజెంటు ఈ-మెయిల్ పంపాడేమో. వార్నంబూల్ పెద్ద ఊరు, అక్కడ ఇంటర్నెట్ కేఫ్ ఉంటుంది. ఎవరికీ చెప్పకుండానే హ్యాండిల్ తీసుకుని కారవాన్ కాళ్ళు పైకి తిప్పడం మొదలుపెట్టాను. రెండో కాలు తిప్పుతూ చూస్తే, మా అమ్మాయి అప్పటికే కారులో వెనక సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుని ఉంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది.

నా భార్య వచ్చి నా చేతిలోంచి హ్యాండిల్ తీసుకుంది.

"ఆ ఫోను మొన్ననే వచ్చిందండీ" అంది.

"ఏ ఫోను?"

"మీరు ఎదురుచూస్తున్నదే. మీరు స్నానానికెళ్ళినప్పుడు. బ్యాంకువాళ్ళు ఆ పని ఆపేశారట. సారీ చెప్పమన్నాడు మీ ఏజెంటు. ఏ బ్యాంకు, ఆయన ఇన్సూరెన్స్ కంపెనీలో కదా అన్నాను. ఈ నెలతో అది అయిపోతోంది కదా అన్నాడు."

ఉద్యోగం పోయినందుకు కాదు, రెండు రోజులు ఆవిడకు తెలిసి నాకు తెలియనందుకు కోపం వచ్చింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆ మాట నేనడగాలి" అంది. గొంతు పెంచలేదు. రేకు గోడల అవతల మనుషులున్నారు. "మీరే చెప్తారేమోనని మంగళవారం చూశాను, నిన్న చూశాను. అంతకుముందేమో బీచ్ అన్నారు, కోవాలా అన్నారు. ఇవాళ ఏమంటారో చూద్దామనుకున్నా గానీ, పిల్ల అట్లా బెల్టు పెట్టుకుని కూర్చుంటే ఇక నావల్ల కాలేదు."

నేను కొండ అంచు వెంబడి బాట పట్టుకుని నడిచాను. చాలా దూరం నడిచాను. ఆవిణ్ణి తిట్టుకున్నాను, ఏజెంటుని తిట్టుకున్నాను, ఏ తప్పూ చేయకుండా పనిచేసిన కంప్యూటర్లని కూడా తిట్టుకున్నాను. కింద అలలు రాతికి కొట్టుకుంటున్నాయి. ఫోన్ తీసి సిగ్నల్ చూశాను. ఇక చూడాల్సిన పని లేదని అప్పుడు తట్టి, అక్కడే గడ్డిలో కూర్చున్నాను.

తిరిగొచ్చేసరికి మా అమ్మాయి ఇంకా కారులోనే ఉంది. తలుపు తీసి, "దిగమ్మా, ఎక్కడికీ వెళ్ళట్లేదు" అన్నాను.

"రియల్లీ? ఆర్ జస్ట్ టుడే?" అంది.

"ఆదివారం దాకా" అన్నాను. నమ్మలేదు. బెల్టు విప్పింది గానీ సంచి విప్పలేదు.

ఆ మధ్యాహ్నం నా భార్యా నేనూ చిరిగిన పందిరిని పిన్నీసులతో, టేపుతో అతికిస్తూ మాట్లాడుకున్నాం. సిడ్నీ వెళ్ళిపోదామా అన్నాను. పెద్ద కోర్సు ఏదైనా చేస్తానన్నాను. ఇండియా వెళ్ళి కొన్నాళ్ళాగి వద్దామన్నాను. ఆవిడ నోట్లో పిన్నీసులు పెట్టుకుని అన్నీ వింది. తర్వాత పిన్నీసులు తీసి, "చైల్డ్‌కేర్‌లో నన్ను ఎప్పట్నించో ఐదు రోజులూ రమ్మంటున్నారు. వెళ్తాను. మీరు ఇంకో ఊరి పేరు చెప్పకండి, నాకు తల తిరుగుతోంది" అంది.

ఆ మూడు రోజులు నాకు నరకమూ సుఖమూ కలిసే ఉన్నాయి. చేయడానికి పని లేదు. కారవాన్ తలుపు బోల్టులు బిగించాను, నీళ్ళ గొట్టం మూడుసార్లు చుట్టాను, ఊరి చివరిదాకా రోజుకు నాలుగుసార్లు నడిచాను. శుక్రవారం మొదటిసారి సముద్రంలో దిగాను. చన్నీళ్ళకు ఊపిరి ఆగినంత పనైంది. మా అమ్మాయి ఒడ్డున నిలబడి అంతలా నవ్వడం ఆ వారంలో అదే మొదలు. శనివారం పొద్దున్న లేచి చూస్తే మా అమ్మాయి సంచిలోని రంగు పెన్సిళ్ళన్నీ కారవాన్ బల్ల మీద పరిచి ఉన్నాయి. తను ఊయల దగ్గర ఇద్దరు పిల్లలతో ఏదో తగువు పడుతోంది. అది విని నా భార్య, "అబ్బ, ఇప్పటికి కుదురుకుంది" అంది.

ఆదివారం ఇంటికొచ్చాక పక్కింటి అంకుల్‌కి తాళాలిస్తూ, పందిరి చిరిగిన సంగతీ, నా ఉద్యోగం పోయిన సంగతీ ఒకేసారి చెప్పేశాను. ఆయన పందిరి వైపు చూడలేదు. "మా డిపోలో డ్రైవర్లు కావాల. పెద్ద బండి లైసెన్సు తీసుకుంటావా?" అన్నాడు.

తీసుకున్నాను, రెండోసారికి పాసై. పద్నాలుగు నెలలు బస్సు నడిపాను. మా తెలుగువాళ్ళు కొందరు బస్సెక్కి నన్ను చూసి, తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళు. ఇంకొందరు పలకరించి పక్కన నిలబడేవాళ్ళు. నాకైతే, నిజం చెప్పాలంటే, ఆ పని కుదిరింది. రోజంతా కదులుతూనే ఉండొచ్చు. తర్వాత ఒక చిన్న కంపెనీలో మళ్ళీ కంప్యూటర్ల ముందు కూర్చున్నాను.

మరుసటి వేసవిలో అంకుల్ దగ్గరే కారవాన్ అడిగి తీసుకున్నాం. ఎనిమిది రోజులు ఒకే పార్కులో ఉన్నాం. మూడో రోజుకల్లా నాకు ఆ ఊళ్ళో ప్రతి వీధీ, ప్రతి కొట్టు తెరిచే వేళా, సముద్రపు ఆటుపోట్ల సమయాలూ నోటికొచ్చేశాయి. మళ్ళీ కాళ్ళు ఊపుతూ కూర్చున్న నన్ను చూసి నా భార్య పుస్తకం దించింది.

"వెళ్ళి ఒక చుట్టు తిరిగి రండి. మేం ఇక్కడే ఉంటాం" అంది.

చెప్పులేసుకుని బయల్దేరాను.