రాకాసి గుండ్లలో మా మొహరు

నా చిన్నప్పుడు మా ఇంటి పెద్దరికాన్ని నేను చూడలేదు, విన్నాను. మా ముత్తాత తండ్రి, మా ముత్తాత, మా తాత, ముగ్గురూ ఊరి శిస్తు వసూలు చేసే మాలి పటేళ్ళు. శిస్తు కాగితం మీద మా ఇత్తడి మొహరు ముద్ర పడితేనే మేడ్చల్ కచేరీలో దాన్ని అందుకునేవారట. నాకు ఊహ తెలిసేసరికి ఆ పదవులను సర్కారు రద్దు చేసేసింది. మొహరు మాత్రం పట్టుగుడ్డ చుట్టుకుని తాత సందుగ పెట్టెలో ఉండేది.

శామీర్‌పేట తోవలో మాకు మిగిలిన ఒకే ఒక మెట్ట చెలకలో, గుండ్రంగా పేర్చిన పెద్ద రాళ్ళు ఉండేవి. ఊరివాళ్ళు వాటిని రాకాసి గుండ్లనేవారు. తొంభైల నడుమ, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, పాతకాలపు సమాధులను పరిశోధించే ఒక మేడం పట్నం నుంచి వచ్చి వాటి మధ్య తవ్వించడం మొదలుపెట్టారు. ఇనుము కొత్తగా వాడుకలోకి వచ్చిన కాలం మనుషులను అక్కడ పాతిపెట్టారని చెప్పారు. తాత రోజూ గంజిపెట్టిన ధోతి కట్టుకుని, గుంత ఒడ్డున కుర్చీ వేయించుకుని, వీపు ఆనించకుండా కూర్చునేవాడు. ఆయన పక్కన నేను నిలబడేదాన్ని.

"మా జాగల ఉన్నయంటే మా పెద్దలయే. గట్లనే రాయున్రి" అని తాత ఆమెతో అన్నాడు.

"ఆధారం దొరికితే తప్పకుండా రాస్తానండీ" అన్నారు మేడం.

దొరికింది వేరే. ఎముకల తలాపున బోర్లించిన చిన్న ముంత బయటపడగానే, గుంతలో మట్టి గీకుతున్న కూలి అవ్వ చేయి ఆగిపోయింది. ఆమె మా పొలాల్లో తరతరాలుగా కూలి చేసిన కుటుంబంలోని మనిషి. "మేం గూడ గిట్లనే వెడ్తం మేడం. మా మామను బొంద వెట్టిననాడు తలకాడ ముంత బోర్లించిన" అన్నది. మేడం ఆ మట్టిలోనే చతికిలబడి ఆమె చెప్పిన ప్రతి మాటా రాసుకున్నారు. ఆ పూట తాత అన్నం ముట్టలేదు. "మా చెలకల పండుకున్నోళ్ళకు కూలామె సుట్టమైతాంది" అని మాత్రం అన్నాడు.

ఆ మాట నాకు ముల్లులా దిగింది. మేడం ఆధారం కావాలన్నారు. మా ఇంట్లో మొహరుకు మించిన ఆధారం ఏముంది? మర్నాడు పనివాళ్ళు, మేడం చెట్టు కింద సద్దులు విప్పుకుని, తాత కుర్చీ ఖాళీగా ఉన్న వేళ, సందుగలోంచి తెచ్చిన మొహరుతో నేను గుంతలోకి దిగాను. ఎముకల పక్కన చేత్తో గోకి, మొహరు పెట్టి, మట్టి కప్పి, అరచేత్తో సాపు చేశాను.

తిని వచ్చి కూర్చున్న కాసేపటికే అవ్వ తల ఎత్తింది. "మేడం, గీడ మన్ను మెత్తగున్నది. ఎవలో గెలికిన్రు. మీది మన్ను, కింది మన్ను కలిసింది జూడున్రి." రెండు గీతలకే ఇత్తడి మెరిసింది. మేడం దాన్ని కుంచెతో తుడిచి తిప్పి చూశారు. దాని మీద ఉన్నవి నిజాం కాలపు ఉర్దూ అక్షరాలు.

"ఏందవ్వా, రాకాసోళ్ళు ఉర్దూల దస్కతు జేసిన్రా?" అన్నాడు మట్టి మోసే అతను. తట్టలు దించి అందరూ పగలబడి నవ్వారు.

ఎవరు పెట్టారని మేడం అడగలేదు. ఆమె చూపు మాత్రం నా చేతుల మీదికి వచ్చి ఆగింది. నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. అప్పుడు తాత కుర్చీలోంచి లేచాడు.

"అది మాది. నేనే వెట్టిన."

తన పొలంలో కూలి చేసినవాళ్ళ ముందు, దొంగ ఆధారం పెట్టినవాడిగా ఆయన నిలబడ్డాడు. అయినా వీపు వంగలేదు. మొహరు అందుకుని, "అవ్వ జెప్పింది కొట్టెయ్యకున్రి మేడం. అది ఉండనియ్యున్రి" అన్నాడు. మేడం తన పుస్తకంలో 'ఈమధ్య పెట్టిన వస్తువు' అని రాశారు. ఎవరి పేరూ రాయలేదు.

అవ్వ నన్ను పక్కకు పిలిచి చేతుల మీద నీళ్ళు పోసింది. "గోర్లు రుద్దుకో పటేలమ్మా. మీ తాత గోర్లల్ల మన్ను లేదు, నీ గోర్లల్ల ఉన్నది" అని నాకొక్కదానికే వినిపించేలా అన్నది. తాత ఆ సంగతి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. ఇంటికి పోతూ మొహరును నా చేతికిచ్చి, "గుడ్డ నువ్వే సుట్టు" అన్నాడు, అంతే.

మా వంశం గురించి ఎవరైనా అడిగితే నాకు తెలిసిన మూడు తరాలు చెప్పి ఆపుతాను. ఆ గుండ్ల కింద ఉన్నవాళ్ళు మావాళ్ళని అనను. వాళ్ళకు చుట్టం ఎవరన్నా ఉంటే తలాపున ముంత బోర్లించడం తెలిసిన ఆ అవ్వే అంటాను. ఆ మాట చెప్పేటప్పుడు నేనూ వీపు వంచను.

తాత పోయాక ఆ చెలకను ప్లాట్ల కోసం అమ్మేశాం. గుండ్లు కంకర మిషనుకు పోయాయి. మొహరు అమ్మలేదు.