నన్ను అడగకుండానే పోర్చుగల్

ఈ మధ్యాహ్నం ఇక్కడ అమెరికాలో, క్యారీలోని స్నేహితుల ఇంట్లో భోజనం చేస్తుండగా మా ఆయన అందరి ముందూ ప్రకటించారు. "నెక్స్ట్ ఇయర్ రిటైర్ అయిపోయి మేము పోర్చుగల్‌కి మూవ్ అవుతున్నాం. పక్కనే బీచ్, చలి గోల ఉండదు."

ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.

డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేసే వీలు లేక పదమూడేళ్లు ఇంట్లో కూర్చున్నాను. ఆ తర్వాత పిల్లల వయసు వాళ్ల పక్కన కూర్చుని చదివి, యాభై ఏళ్లకు నర్సునయ్యాను. ఉద్యోగంలో చేరి నాలుగేళ్లే అయింది.

"మరి నా జాబ్ సంగతేంటండీ?" అన్నాను.

"ఇంకెన్నాళ్లు కష్టపడతావు? హాయిగా రెస్ట్ తీసుకో," అన్నారు నవ్వుతూ.

"పదమూడేళ్లు తీసుకున్నాను, చాలు. మీరు వెళ్లి తీసుకోండి."

నేను చెయ్యి కడుక్కుని, కారు తాళాలు తీసుకుని ఒక్కదాన్నే ఇంటికి వచ్చేశాను. సాయంత్రం ఆయన్ని స్నేహితుడు దింపి వెళ్లాడు. "ముందు నిన్ను అడగాల్సింది," అన్నారు, అదీ టీవీ వైపు చూస్తూ.

నా కోపం ఇంకా తగ్గలేదు. మీ ఇళ్లల్లో రిటైర్మెంట్ గురించి ఇద్దరూ మాట్లాడుకున్నారా, లేక మీరూ ఎవరింట్లోనో పప్పన్నం కలుపుకుంటూ వినబోతున్నారా?