అమ్మ మాటలు మొయ్యనన్న రోజు

మా ఇంట్లో కోపం వచ్చినవాళ్లు నేరుగా మాట్లాడుకోవడం ఆనవాయితీ కాదు. అమ్మతో చెప్పించాలి. నాయనా నేనూ ఒకే ఫ్యాను కింద కూర్చుని, మధ్యలో అమ్మను పెట్టుకుని పోట్లాడుకునేవాళ్లం. "నీ కూతురికి చెప్పు" అని ఆయన, "మీ ఆయనకు చెప్పు" అని నేను. ఇద్దరికీ చెవులు బాగానే పనిచేసేవి. నోళ్లు ఇంకా బాగా పనిచేసేవి.

పోయిన మామిడికాయల కాలంలో నాయన తోటలో జారిపడి కుడి మణికట్టుకు దెబ్బ తగిలించుకున్నాడు. మాది చిత్తూరు పక్కన పల్లె, నా ఉద్యోగం తిరుపతిలో. నేను వచ్చేసరికి ఆ చెయ్యి సొరకాయలా వాచిపోయి ఉంది. పుత్తూరు పోయి నాటువైద్యుల దగ్గర కట్టు కట్టించుకుంటానని ఆయన, ఆస్పత్రికి పోవాల్సిందేనని నేను. పొద్దున పడిన మనిషి మధ్యాహ్నం దాటినా మంచం మీదే ఉన్నాడు. మేమిద్దరం అంత గొప్పగా వాదించుకుంటుంటే ఎముక మాత్రం ఎవరి పక్షమూ తీసుకోకుండా నొప్పి పెడుతూనే ఉంది.

"సదువుకున్నానని పొగరు. నీ కూతురికి చెప్పు" అన్నాడు నాయన.

"మొండితనానికి కట్టు కట్టేవాళ్లు యాడుండారో కనుక్కోమని చెప్పు" అన్నాను.

అమ్మ మజ్జిగ చెంబు ఠక్కున కింద పెట్టింది. "నేనింక మొయ్యను పోండి. దాని మాట నువ్వు సెప్పు, నీ మాట అది సెప్తాది. తప్పు సెప్తే మళ్లీ సెప్పల్ల. సరిగ్గా సెప్పినోళ్లకే మజ్జిగ."

నాయన గొంతు సవరించుకున్నాడు. "పుత్తూరోళ్లంతా దొంగలంటాండాది."

"నేనట్ల అన్లేదు. లోపల ఎముక జరిగిందో లేదో పైనుంచి తెలీదు, ముందు ఎక్స్‌రే తీపిద్దామంటాండా."

ఆయన గొణుగుతూ దాన్నే అప్పజెప్పాడు. నా మాట ఆయన నోటి నుంచి వస్తే నాకే కాస్త తెలివైనదిగా వినిపించింది.

"నాయనకు ఆస్పత్రంటే భయం" అన్నాను నా వంతుకి.

"భయం గాదు" అన్నాడు. వాచిన చేతి వైపు చూసుకుని, "మా అన్న మోకాలికి ఆపరేషన్ చేసినారు గదా. మళ్లీ చేనిగట్టు ఎక్కినాడా వాడు? నా సెయ్యి అట్లయితే నేను కొమ్మ పట్టుకునేదెట్ల?" అన్నాడు.

పెదనాయన కాలు సంగతి నాకు తెలుసు. అది నాయన మనసులో ఇంతగా నాటుకుపోయిందని తెలియదు. ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయన గెలిచినట్టవుతుందని ఆపుకున్నాను.

"ఆపరేషన్ అంటారేమోనని పోవద్దంటాండాడు" అన్నాను.

"అదే" అన్నాడు.

చివరికి రాజీ కుదిరింది. ముందు ఎక్స్‌రే. ఎముక జరిగి ఉంటే ఆస్పత్రి, జరగకుంటే పుత్తూరు. అమ్మ ఇద్దరికీ మజ్జిగ పోసింది.

ఎక్స్‌రేలో చూస్తే ఎముక జరగలేదు, చిట్లింది అంతే. డాక్టరు సిమెంటు కట్టు వేస్తానన్నాడు. నాయన నా ముఖం చూశాడు. మాటంటే మాటే కదా, లోపల తిట్టుకుంటూనే కారు పుత్తూరు వైపు తిప్పాను. నాకిది నచ్చలేదని దారి పొడుగునా చెప్పాను కూడా. ఆయన అడ్డు రాకుండా విన్నాడు.

పుత్తూరులో వైద్యుడు గుడ్డుసొన, ఆకుపసరు, వెదురు బద్దలు దగ్గర పెట్టుకుని చెయ్యి అందుకోబోయాడు. నాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఉండప్పా. మా పాపకు ఈడికి రావడమే ఇష్టం లేదు. దానికేందో అనుమానాలుండాయి. ముందు వాటికి జవాబు సెప్పు, తర్వాత కట్టుదువు."

వేళ్లు తిమ్మిరెక్కితే కట్టు విప్పుతారా అని అడిగాను. వెంటనే వస్తే వదులు చేస్తామని వైద్యుడు చెప్పాడు.

"అయిపాయెనా?" అన్నాడు నాయన.

"ఇంకోటుండాది."

"అడుగు" అని, వాచిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.