మంట లేని దిష్టి

తెల్లవారకముందే పంజరంలో రెక్కలు టపటపలాడిన చప్పుడుకు ఉలిక్కిపడి లేచాను. మా కాకటీల్ చిలుక కొమ్మకర్ర మీద నుంచి పడి, అడుగున ఒరిగి ఉంది. గండికోటలో సూర్యోదయం చూడ్డానికి పోయే కార్ల వెలుగు మా కిటికీ మీదుగా పాకిపోతుంది. గోడ మీద కదిలే ఆ నీడలకే పిట్ట బెదురుతోందని కిటికీకి గోనెపట్టా కట్టాను. ఆ రాత్రి గాలికి దాని మూల ఒకటి ఊడింది.

రెక్క చివర కొత్త ఈక విరిగి నెత్తురు కారుతోంది. దూదితో అదిమిపట్టాను. ఆగింది. కానీ గుప్పెట్లో పట్టే ప్రాణిలో ఉండే నెత్తురెంత? మళ్లీ రెక్కలు కొట్టుకుంటే గాయం తెరుచుకుంటుంది, పిట్ట దక్కదు. బెడ్‌లైట్ వేసి, పిట్టను పంజరంలోకి దించి, కదలకుండా కూర్చున్నాను. నోరు తెరిచి రొప్పుతోంది. తల మీది కుచ్చు నిటారుగా నిలిచి ఉంది. అది వాలితేనే భయం తగ్గినట్టు.

అంతలో మా అవ్వ చీపురుపుల్లలూ అగ్గిపెట్టే పట్టుకుని వచ్చింది. బిడ్డ జడుసుకున్నా, బర్రె పాలు తగ్గించినా మా ఇంట్లో మొదటి వైద్యం దిష్టి తీయడమే. వెలిగించిన పుల్లలు ఎంత గట్టిగా చిటపటలాడితే అంత దిష్టి పోయినట్టు లెక్క.

"అవ్వా, అగ్గిపుల్ల గీయొద్దు."

"ఎందుకు మే? పిట్ట అట్ల వణుకుతాంటే చూస్తా కూచోమంటావా?"

"నీడలకే ఇట్లయింది. పక్కన మంట తిప్పితే బతుకుతాదా?"

"కాలేజీ వాదనల పోటీలో కప్పు గెల్చినావని దిష్టితో గూడా వాదిస్తాండావే!"

నా దగ్గర మాటలకు కొదవ లేదు. అయితే మా గొంతులు లేచేకొద్దీ పిట్ట ఊచలకు అతుక్కుపోతోంది. నమ్మనిదానికి తల ఊపడం నాకు చేతకాదు. ఆమె నమ్మకాన్ని అప్పటికప్పుడు పడగొట్టడమూ నావల్ల కాదు. అవ్వ అగ్గిపుల్ల బయటికి తీసింది.

"ఈడ ఉత్తినే తిప్పు. తెల్లారినాక పెరట్లో కాల్చు," అన్నాను.

"మంట లేకుండా దిష్టి యాడికి పోతాది?"

"పుల్లల్లోనే ఉంటాది గదా. పొద్దున దాకా పట్టి పెట్టుకో."

ఆమె నా ముఖంలోకి చూసింది. "పిట్టకేమన్నా అయితే నిన్నే అడుగుతా," అని అగ్గిపుల్లను పెట్టెలో వేసింది. పంజరానికి ఎడంగా నిలబడి, పుల్లలు మెల్లగా తిప్పుతూ, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి..." అంటూ లోగొంతుకతో మొదలుపెట్టింది.

రోడ్డు మీద మరో కారు. వెళ్లి గోనెపట్టా మూలను రెండు చేతులతో గోడకు అదిమాను. వెనక రెక్క విప్పిన సవ్వడి. తిరిగి చూడడానికి ధైర్యం చాలలేదు. అవ్వ గొంతు మాత్రం హెచ్చలేదు, తగ్గలేదు. కారు దాటిపోయాక చూస్తే రెక్క మళ్లీ ముడుచుకుని ఉంది. కొత్త తడి లేదు. కుచ్చు కొద్దికొద్దిగా వాలుతోంది.

పొద్దున పెరట్లోంచి అవ్వ కేకేసింది: "ఇంటాండావా మే, ఎట్ల పేలుతాండాయో!"

ఎండిన పుల్లలు ఎవరు కాల్చినా అట్లాగే పేలతాయి. ఆ మాట చెబుదామని గడప దాకా వెళ్లాను. లోపల పిట్ట ఒంటికాలి మీద నిలబడి నిద్రపోతోంది. చప్పుడు లోపలికి రాకుండా తలుపు దగ్గరికి వేశాను.